ప్లాటినం మందు, సర్దార్ చెవి

కీమో గదిల డ్యూటీ పడ్డదంటే కొత్త నర్సుల మొకాలు మాడిపోతయి. మొన్న మా ఇంటికొచ్చిన పోరికైతే ఏడుపొక్కటే తక్కువ. "మేడం, గా గదిల ఉండేటోళ్లంత సచ్చేటోళ్లేనటగద" అన్నది. నాకు మండింది. "ఎవతే నీకు చెప్పింది? నా నౌకరంత గా గదిలనే అయింది. అక్కడ మందెక్కించుకోని పోయి, మనుమరాలి పుట్టెంటికలకు నన్ను పిలిచినోళ్లున్నరు. ముందుగాల నీ మొకం సక్కగ పెట్టుకో, తర్వాత సూది పట్టుకో" అని కసిరిన. మళ్ల నాకే పాపమనిపించి, చాయ్ పెట్టి కూసోబెట్టిన. ఆమెకు చెప్పిన ముచ్చటనే ఇప్పుడు కాయితం మీద పెడ్తున్న.

నా పేరు స్వరూప. మా నాయిన మందమర్రిల బొగ్గు నింపే పని చేసిండు. నేను నర్సింగు చదివి, గోదావరిఖనిల ఒక ట్రస్టు దవాఖానల చేరి, అక్కడనే రిటైరైన. ఎప్పుడు హెడ్ సిస్టర్నయిన, ఎవరు శాలువ కప్పిన్రు అన్నది రాయ. ఆ శాలువలు బీరువల ఉన్నయి, ఉండనియ్యి. క్యాన్సర్ మందులల్ల నా చేతుల మీదికెల్లి ఎక్కువ పోయినయి ప్లాటినం మందులు. అవేంటియో, ఎట్ల పని చేస్తయో చెప్త. వాటితోని గొంతు దక్కించుకోవాల్నని చెవి సంగతి దాచిపెట్టిన రాయమల్లన్న గురించి చెప్త. ఆయన ముచ్చట తెలిస్తే పుస్తకంల సగం తెలిసినట్టే.

జిప్పుల ఇరుక్కున్న బట్ట

ప్లాటినమంటే లోహం. నగల దుకాణంల ఉండేదే. దాన్ని మందుగ చేసి నరంలకు ఎక్కిస్తరంటే మా దిక్కు ఎవ్వరు జల్ది నమ్మరు. బెల్లంపల్లి నుంచి వచ్చే ఒక అవ్వ ఉండె. "బంగారం కన్నా పిరమైనది నా ఒంట్లకు పోతందా బిడ్డా? రేపు నన్ను కాలవెట్టినంక మా కోడలు బూడిదల ఏరుకుంటదేమో, జర కనిపెట్టుండ్రి" అని గదంత నవ్వించేది.

పని చేసే తీరు గిట్లుంటది. మన ఒంట్ల ప్రతి కణంల రెండు పేటల దారం ఉంటది. కణం రెండు కావాలంటే ముందు ఆ పేటలు జిప్పు ఇప్పినట్టు ఇప్పుకోవాలె. ప్లాటినం లోపలికి పోయి ఆ పేటలకు అతుక్కోని, ఇప్పుకోకుండ కుట్లేస్తది. జిప్పుల బట్ట ఇరుక్కుంటే ఏమైతది? ముందుకు రాదు, ఎనకకు పోదు. కణం ఆ కుట్లు ఇప్పుకుందామని మస్తు కొట్లాడుతది, చేతగాకపోతే సస్తది. క్యాన్సర్ కణానికి ఊకె రెండవుడే పని, కాబట్టి దానికి దెబ్బ గట్టిగ తాకుతది.

గాని మందుకు కండ్లుండయి. మంచి కణాలల్ల గూడ జల్ది జల్ది పెరిగేటియి ఉంటయి. కడుపు లోపలి పొర, రక్తం తయారయ్యే మూలుగ, వీటి మీద గూడ పడ్తది. అందుకే వాంతులు, నీరసం, రక్తం తగ్గుడు.

ఈ మందులల్ల ముగ్గురు అన్నదమ్ములున్నరనుకోండ్రి. పెద్దోడు సిస్‌ప్లాటిన్. గొంతు, నోరు, ఊపిరితిత్తులు, ఆడోళ్ల గర్భసంచి మూతి, మొగోళ్ల బీజాలు, వీటి క్యాన్సర్లకు ఎక్కువ వాడ్తరు. బలమున్నోడు, కోపిష్టోడు. కిడ్నీల మీద, చెవుల మీద, నరాల మీద పడ్తడు. నడిపోడు కార్బోప్లాటిన్. కిడ్నీలను, చెవులను అంత సతాయించడు గాని రక్తకణాలను పడగొడ్తడు. చిన్నోడు ఆక్సాలిప్లాటిన్, పెద్దపేగు క్యాన్సర్‌కు వస్తడు. వీనికి సల్లటిదంటే పడది. శ్రీరాంపూర్‌ల ఒకాయన ఈ మందెక్కించుకోని ఎండల ఇంటికి పోయిండు. సుట్టపాయన ప్రేమతోని ఫ్రిజ్జుల నీళ్లు చేతిల పెట్టిండు. గుటకేసిండో లేదో గొంతు పట్టేసినట్టయి, ఊపిరి ఆగిపోతందని ఇంటిల్లిపాది ఒర్రుకుంట దవాఖానకు ఉరికొచ్చిన్రు. జరసేపు గోరువెచ్చటి నీళ్లతోని కూసోబెడితె తగ్గింది. మా దిక్కు ఎండకాలంల ఇంటికొచ్చినోనికి సల్లటి నీళ్లియ్యకపోతే తప్పు పడ్తరు. అందుకే "సల్లటిది తాగకుండ్రి" అని రోగికొక్కనికే చెప్తే సరిపోదు, ఆయన పోయే ఇండ్లకు గూడ చేరేటట్టు చెప్పాలె.

సిస్‌ప్లాటిన్ కాడ అసలు కొట్లాట నీళ్లతోని. మందుకు ముందు, మందు తర్వాత సెలైన్ ఎక్కిస్తం, దాంట్ల లవణాలు కలుపుతం, మూత్రం ఎంతొచ్చిందో కొలుస్తం. ఇంటికి పోయినంక గూడ మస్తు నీళ్లు తాగాలె, లేకపోతే కిడ్నీలు దెబ్బతింటయి. బాయి మనుషులకు, అదే బొగ్గుబాయిల దిగేటోళ్లకు, నీళ్లు తాగుమని చెప్పి ఒప్పిచ్చుడు మాటలు గాదు. లోపట మూత్రానికి పోవుడు తక్లీఫని షిఫ్టంత గొంతు తడుపుకోని ఎల్లదీసే అలవాటు. ఇగ బస్సెక్కి వచ్చే ఆడోళ్లయితే పొద్దుగాల్నుంచి సుక్క ముట్టరు, బస్టాండుల పోనీకె సక్కటి జాగ లేక. పరీక్షల కిడ్నీ లెక్క పెరిగితే డాక్టర్లు ఆ ఆడమనిషిని కోప్పడ్తరు. కోప్పడాల్సింది ఆమెను గాదు, బస్టాండు కట్టినోన్ని.

ఇంకో లొల్లి జుట్టుది. సిస్‌ప్లాటిన్‌కు జుట్టు అంతగ ఊడది. సినిమాలల్ల చూసిన గుండు రాకపోయేసరికి "మందు నకిలీదేమో" అని అనుమానపడ్తరు. రాయమల్లన్న భార్య రాజవ్వ గూడ గదే అడిగింది.

కర్ర పట్టుకోని వచ్చిన మనిషి

రాయమల్లన్న బాయిల సర్దార్. తెలువనోళ్లకు చెప్త. షిఫ్టు మొదలుగాంగనే సర్దార్ ముందు పోయి, మనుషులు పని చేసే జాగల పైకప్పును కర్రతోని కొట్టి చూస్తడు. టంగుమని మోగితే బండ గట్టిది. డబ్బుమని బోలుగ వస్తే పై పొర ఇడిసిపెట్టిందన్నట్టు, కింద నిలబడితే మీద పడ్తది. ఆయన కొట్టి, ఇని, "రాండ్రి" అంటెనే మిగిలినోళ్లు లోపలికి అడుగు పెడ్తరు. బాయిల మిషిన్లు, పరికరాలు ఎన్నొచ్చినా, మనిషి లోపలికి పోయేటప్పుడు నమ్మేది ఆ కర్ర సప్పుడునే.

ఆయనకు గొంతుల, మాట పెట్టె పక్కకు పుండయింది. బాయిల బీడి ముట్టించుడు బందు కాబట్టి దవడకు తంబాకు పెట్టుడు, ఇంటికొచ్చి ఆ కసి తీర బీడీలు తాగుడు. ఇట్ల రెండు దిక్కుల కాల్చుకున్నోళ్లు మా దగ్గరికి మస్తుమంది వచ్చేటోళ్లు.

మా డాక్టర్ సుధాకర్ సార్ ఆయనకు రెండు తోవలు చెప్పిండు. సార్ వాళ్లది గుంటూరు దిక్కు, గాని ఈడనే ఆఫీసర్ల క్వార్టర్లల్ల పెరిగిండు. "చూడండి రాయమల్లు గారు, ఆపరేషన్ చేసి మాట పెట్టె తీసేయొచ్చు, అప్పుడు మామూలుగా మాట్లాడలేరు. లేదంటే ముందు మందుతో పుండును తగ్గించి, తర్వాత రేడియేషన్ పెట్టొచ్చు. అది పనిచేస్తే గొంతు మీకే ఉంటుంది" అన్నడు.

రాయమల్లన్న ఆలోచించనే లేదు. "మందే పెట్టుండ్రి సార్. సర్దారన్నంక ఒర్రాలె. బండ ఇరుగుతాంటే సైగలు చేసుకుంట కూసుంటనా?" అన్నడు.

మొదటిసారి మందుకొచ్చిననాడు చేతిల గొడుగు. వానలేదు, ఎండలేదు. మంచమెక్కే ముందు గొడుగు ఎత్తి, మా గది స్లాబును రెండు దెబ్బలు కొట్టి, చెవి వంచి ఇన్నడు. పక్క మంచమామె బుగులుపడ్డది.

"ఏందన్నా అది, మా దవాఖానను కూలగొడ్తవా?" అన్న.

"నేను కొట్టి సూడని కప్పు కింద ఎన్నడు పండుకోలే సెల్లె. మా ఇంట్ల గూడ పండుకోను, కావాల్నంటే మీ వదినెనడుగు. మీ స్లాబు మంచిగనే ఉంది, ఇగ పొడువు సూది" అని నవ్వుకుంట పండుకున్నడు.

రాజవ్వ వదినె నెత్తి కొట్టుకున్నది. "సుట్టాలిండ్లకు పోతే గూడ గిదే కత. ఇజ్జత్ తీస్తడు" అన్నది. ఆయనకు ఇద్దరు బిడ్డలే, ఇద్దరి పెండ్లిళ్లయినయి. తను బాయి ఇడిసి ఆ నౌకరి కొడుక్కు ఇప్పియ్యాల్నన్న ఫికర్ లేదు. పండుగ లేదు, పబ్బం లేదు, బాయే ఆయన లోకం. ఆయన గ్యాంగుల పనిచేసేటోళ్లంత ఆయనను కాకా అంటరు, ఆయన కొట్టందే లోపలికి పోమని మొండికేస్తరు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆ మనిషి మొకంల ఎలుగు చూడాలె.

గోడ మీద అరచెయ్యి

ఈ మందుకు ముందు చెవి పరీక్ష చేయిస్తం. ఆయనకు గూడ చేయించినం. మిషిన్ల సప్పుడుకు జర మొద్దువారిన చెవి, బాయి మనుషులందరిదీ అట్లనే ఉంటది. తర్వాత ప్రతిసారి మందుకు ముందు సుధాకర్ సార్ అడిగేటోడు. ఎట్ల? "వాంతులు తగ్గాయా, విరేచనాలు లేవుగా, చేతులు తిమ్మిర్లు లేవుగా, చెవులు బాగున్నాయిగా?" అని ఒక్క ఊపిరిల. సార్ మంచోడు, పెయ్యి తెల్వకుండ పనిచేసేటోడు. గాని గట్లడిగితే ఎవడన్న చెప్తడా? "మంచిగున్న సార్" అనుకుంట తల ఊపుడే. రాయమల్లన్న గూడ ఊపిండు.

మూడోసారి మందుకు వచ్చినప్పుడు గొడుగు తెచ్చిండు గాని పైకి ఎత్తలే. మంచం పక్క గోడ మీద ఎడమ అరచెయ్యి ఆనిచ్చి, కుడిచేతి కణుపులతోని మెల్లగ కొట్టిండు. కండ్లు మూసుకోని మళ్ల కొట్టిండు.

అందరు సర్దార్లు ఒక్కోపారి అట్ల చెయ్యి ఆనిస్తరు. బోలు బండ అయితే అరచేతికి అదురు తెలుస్తది. గాని ఈయన ఎన్నడు చెయ్యి పెట్టినోడు కాదు, చెవి ఒక్కటే సాలన్న గర్వమున్న మనిషి. మా నాయిన బాయి ముచ్చట్లు చెప్పంగ ఇన్న పిల్లను కాబట్టి నాకు ఎరుక. చెవి మీద నమ్మకం సడలినప్పుడే చెయ్యి లేస్తది.

సూది పెట్టి, మందుకు ముందెక్కే సెలైన్ షురు చేసి, పంపు మిషిన్ ఆయన తలకాయ పక్కకే జరిపిన. బాటిల్ అయిపోతే ఆ మిషిన్ కీచుమని మొత్తుకుంటది, సన్నటి మోత. అది మొత్తుకోవట్టింది. అవుతలి మంచమోళ్లు తలలు తిప్పి చూసిన్రు. రాయమల్లన్న మాత్రం నిమ్మలంగ రాజవ్వ వదినెతోని మొక్కజొన్న గురించి మాట్లాడుకుంట ఉన్నడు.

ఈ మందు చెవి లోపట సప్పుడు పట్టే సన్నటి కణాలను తింటది. ముందు పోయేటియి సన్నటి మోతలు, పిట్ట కూత, ఫోన్ గంట, స్టీలు చెంచా కిందవడ్డ సప్పుడు. మనిషి మాట ఇనవడుతనే ఉంటది కాబట్టి ఎదుటోనికి తెల్వది. ఆ కణాలు పోతే మళ్ల మొలువయి.

మిషిన్ బందు చేసి, ఆయన ఎదురుంగ కుర్చేసుకోని కూసున్న. "అన్నా, చెవుల ఏమన్న మోగుతందా?" అన్న.

"ఏం లేదు సెల్లె."

"మిషిన్ మొత్తుకుంటే ఇన్నవా?"

రాజవ్వ వదినె అందుకున్నది. "టీవీ సౌండు పెంచమంటండు. మనూళ్ల బాయోళ్ల ఇండ్లల్ల ఒర్రుకుంటనే మాట్లాడుకుంటం గదా, నేనేమనుకోలే" అన్నది. నిజం చెప్పాల్నంటే మేం గూడ గదే అనుకున్నం. కాలనీల ఎవ్వల ఇంటికి పోయినా ఒర్రుడే, అందుకే ఎవ్వరం పట్టుకోలేకపోయినం.

అప్పుడు ఆయన నోరు ఇప్పిండు. "రెండోసారి మందు పడ్డకాన్నుంచి చెవుల జుయ్యిమంటంది. సారుకు చెప్పకు సెల్లె, నీ కాల్మొక్త. చెవి సంగతి చెప్తే మందు బందు పెడ్తడు. మందు బందైతే గొంతు కోస్తడు. గొంతు పోయినోనికి చెవెందుకు?"

నాకు ఏడుపు, కోపం ఒక్కతీర్గ వచ్చినయి. ఇన్నొద్దులు ఆ మనిషి తన లెక్క తనే వేసుకోని, ఒక్కడే మోసిండు.

మూడో తోవ

కొత్తోళ్లు ఇక్కడ జర ఆగి ఇనుండ్రి. రాయమల్లన్న మనసుల రెండే తోవలున్నయి. మందుంటే గొంతుంటది, మందు బందైతే గొంతు పోతది. మధ్యల ఇంకో తోవ ఉంటదని ఆయనకు మేమెవ్వరం చెప్పలే. మందు ఎట్లెక్కుతదో చెప్పినం, ఏం తినాల్నో చెప్పినం. ఏదన్న తేడా కొడితే మందు మార్చొచ్చు, డోసు తగ్గించొచ్చు, నీ వైద్యం ఆగదు అన్న ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆయన చెవుల జుయ్యిమన్ననాడే చెప్తుండె. రోగి దాచిపెడ్తున్నడంటే ముందు ఆయనను తిట్టకుండ్రి. దేనికి భయపడి దాస్తున్నడో తెలుసుకోండ్రి.

సారుకు చెప్పకపోతే నడువదని చెప్పి, ఆయన చెయ్యి పట్టుకోనే సారును పిలిపిచ్చిన. సుధాకర్ సార్ ఆనాడు నిలబడి మాట్లాడలే, మంచం మీద కూసున్నడు. "నాతో చెప్పొచ్చు కదండీ" అన్నడు. గొంతుల కోపం లేదు, బాధనే. మళ్ల ఇమానంగ చెప్పిండు. "ఇకపై కార్బోప్లాటిన్‌కి మారుద్దాం. ఈ జబ్బుకి ఇది మొదటి మందంత గట్టిదని చెప్పను. కానీ పుండు ఇప్పటికే బాగా తగ్గింది, రేడియేషన్ మిగిలే ఉంది. గొంతు నిలబడే అవకాశం మంచిగానే ఉంది. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం."

"గొంతు కోయరు గదా?" అన్నడు రాయమల్లన్న.

"ఇప్పుడు ఆ మాటే లేదు."

ఆయన నా దిక్కు తిరిగి, "ఆ ముక్క ముందుగాలనే చెప్పొద్దా సెల్లె" అని చిన్న పోరని తీరు ఏడ్సిండు.

మందు మార్చినం, చెవుల మోత పెరగకుండ ఆగింది. తర్వాత రేడియేషన్‌కు, మా దిక్కు కరెంటు పెట్టుడంటం, వేరే ఊరికి పోయిండు. కరెంటు అయిపోయినంక గొంతు పుండువడి సుక్క నీళ్లు మింగుడు గూడ గోసయింది. నెలలు గడిచినయి. పరీక్షలల్ల గడ్డ కనిపిస్తలేదని సార్ చెప్పిననాడు రాజవ్వ వదినె దవాఖాన మెట్ల మీదనే కూలబడ్డది. మాట జర గరగరగ ఉంది గాని ఆయన మాటే.

ఇగ అసలు గండం అప్పుడు షురువైంది. ఆయన మళ్ల బాయిల దిగుతనన్నడు.

"లోపలి పని వద్దండి, పైన డ్యూటీ అడగండి, నేను రాసిస్తాను" అన్నడు సార్. రాయమల్లన్న సరే సరే అని బయటికొచ్చి, నా చెవుల పడేటట్టు నవ్విండు. "బాయి దవాఖానల చెవి పరీక్ష పెడితే, సప్పుడు ఇనవడ్డదని నొక్కే బటన్ ఎప్పుడు నొక్కాల్నో ఆడ కూసున్నోని మొకం చూస్తే తెల్వదా? బాయిల ఎవని చెవి సక్కగుంది? సారు రాసిన కాయితం నేను సూపెడితె గదా" అన్నడు.

రోగి సంగతి రోగి ఒప్పుకోకుండ బయటోళ్లకు చెప్పుడు మా పనిల పెద్ద తప్పు. సార్ గూడ గదే అన్నడు, ఆయననే ఒప్పించాలె అన్నడు. నాకు నిద్రవట్టలే. ఆ కర్ర సప్పుడు మీద ఎంతమంది పాణాలున్నయో నాకు తెలుసు. మరుసటిసారి వచ్చినప్పుడు వరండల అడ్డం నిలబడ్డ.

"అన్నా, మా నాయిన బండ కింద కూసోని సద్ది తినేటోడు. తలెత్తి పైకి చూడకపోయేది. ఎందుకు? సర్దార్ ఇన్నడు గదా అని. ఆ సర్దార్ చెవి నీ తీరుగ పోయి, ఆయన నీ తీరుగ దాస్తే, నేను తండ్రి లేని పిల్లనైతుంటి. నువ్వు గొంతు దక్కించుకున్నది దేనికి, ఆళ్లకు అబద్ధం చెప్పనీకా?" అన్న.

మాట కటువుగనే వచ్చింది. ఆయన మొకం నల్లవడ్డది. "నీకేం ఎరుక బాయి సంగతి" అని నా పక్కకెల్లి దాటిపోయిండు. వదినె నన్ను చూసి చేతులు జోడించి ఆయన ఎనుక పోయింది. ఇగ ఈ మనిషి మళ్ల నాతోని మాట్లాడడు అనుకున్న.

ఫిట్ రాయించు అక్కా

తర్వాత పరీక్షకు వచ్చిననాడు ఆయన వెంబడే గ్యాంగు గూడ దిగింది. మొదటి షిఫ్టు దిగి సీదా వచ్చిన్రు, టిఫిన్ డబ్బలు చేతులల్లనే ఉన్నయి, కండ్ల రెప్పలకు బొగ్గు. వాళ్లల్ల ముందున్నోడు సమ్మయ్య, కప్పుకు దిమ్మెలు పెట్టి నిలబెట్టే పనాయన. మా వరండల బత్తాయిల సంచి దించి, నా దగ్గరికి వచ్చిండు.

"అక్కా, మా కాకకు జల్ది ఫిట్ రాయించు. కొత్త సర్దారొచ్చిండు, మంచోడే, సదువుకున్నోడే. గాని ఆయన కొడితే మాకు దిల్ నిలుస్తలేదు. కాక కొట్టి రాండ్రి అన్నంకనే మా కాలు కదుల్తది. నీకు పుణ్యముంటది" అన్నడు.

చెప్పొద్దు, చెప్పకుంటే వీళ్ల పాణాలు. రాయమల్లన్న బెంచి మీద కూసోని సమ్మయ్య మూతి దిక్కే చూస్తున్నడు. మాట సగం చెవితోని, సగం కండ్లతోని ఇంటున్నడని నాకు తెలుస్తంది. ఆయనకు ఇప్పుడు ఒక్క "సరే" అంటే సాలు. ఇరువై ఏండ్ల ఇజ్జత్ తిరిగొస్తది.

"సమ్మయ్యా" అన్నడు. "నా చెవి పోయిందిరా."

అందరు నవ్విన్రు. "బాయిల ఎవని చెవి ఉంది కాకా!" అన్నడు ఎనుకున్నోడు.

"నవ్వకుండ్రి." లేసి నిలబడ్డడు. "నాకు గీ గోడ కొట్టినా బోలే, గట్టి బండ కొట్టినా బోలే. ఆ టంగుమనే సప్పుడు నా చెవికి ఎక్కుతనే లేదు. గిట్ల నేను లోపలికొస్తే ఏమైతదో చెప్పాల్నా? కొన్నొద్దులు అన్నిటికి ఎనుకకు రాండ్రి అంట. పని ఆగుతది, ఆఫీసరు తిడ్తడు. తర్వాత ఒకనాడు, నా చెవే తప్పేమో అనుకోని, పోండ్రి అంట. ఆనాడు అది నిజంగనే బోలు ఉంటది. కింద మీరుంటరు."

సమ్మయ్య అట్లనే గొంతుక కూసున్నడు, తల మీది తువ్వాల తీసి చేతులల్ల నలిపిండు. "మరి మాకు ఎవరు ఇంటరు కాకా?" అన్నడు.

"మీకు చెవులు లేవురా? నేను ఇంటున్న అని మీరు ఇనుడే బందు పెట్టిన్రు. కొట్టేటప్పుడు ఒక్కడన్న గమ్మున ఉన్నడా? ముచ్చట్లు, తంబాకు నలుసుడు. రేపటికెల్లి కొత్తాయన కర్ర లేపంగనే నోర్లు మూసుకోండ్రి. మీరందరు ఇనుండ్రి. ఎవనికి అనుమానమొచ్చినా ఆపుండ్రి. ఆయన కోపం చేస్తే, రాయమల్లు కాక ఆపుమన్నడని చెప్పుండ్రి."

జేబుల నుంచి సుధాకర్ సార్ రాసిచ్చిన కాయితం తీసి సమ్మయ్య చేతిల పెట్టిండు. "బాయి డాక్టర్‌కు నువ్వే సూపెట్టు. నా చేతిల ఉంటే మళ్ల దాస్త" అన్నడు. నా దిక్కు ఒక్కపారి చూసిండు. ఆ చూపుల కోపం లేదు, సిగ్గు గూడ లేదు. నేను కొంగుతోని మొకం తుడుసుకున్న.

సమ్మయ్య లేసి ఆయన మెడ చుట్టు చెయ్యేసి, చెవికి నోరానిచ్చి దవాఖానంత అదిరేటట్టు ఒర్రిండు. "కాకా! నువ్వు బతికినవ్! గదే సాలు మాకు!"

రాయమల్లన్న కండ్లల్ల నీళ్లు కారుతనే ఉన్నయి. సమ్మయ్య వీపు మీద ఒక్కటి చరిచిండు.

"గట్ల ఒర్రకురా," అన్నడు, "గొంతు పోతది."